మస్టరు పడని పని

బొగ్గుబాయి మీద బతికే ఊళ్లలో "మస్టరు" అనే మాటకున్న బరువు బయటివాళ్లకు చెప్పినా ఎక్కదు. మస్టరు పడితేనే ఆ రోజు జీతం. ఏడాదికి ఎన్ని మస్టర్లు చేశాడన్న దాన్ని బట్టే మనిషి కష్టజీవా, డుమ్మాలు కొట్టేవాడా అని ఊరు తేలుస్తుంది. గోదావరిఖనిలో ఇంటి నుంచి కంప్యూటర్ మీద పనిచేసే ఆడపిల్లల చికాకుల గురించి ఆలోచిస్తే నాకు మొదట తట్టేది ఈ మాటే. ఆ చికాకులు 2020లో పుట్టినవి కావు. ఇంట్లో జరిగే పనికి మస్టరు లేకపోవడం చాలా పాత కథ.

సింగరేణి తవ్వకం 1889లో ఇల్లెందు ప్రాంతంలో మొదలైతే, రామగుండం వైపు గనులొచ్చింది 1960ల మొదట్లో. అప్పటికే 1952 మైన్స్ చట్టం అమల్లో ఉంది. దాని 46వ సెక్షన్ ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు. ఉపరితలం మీద కూడా ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకానే పనిచేయనిచ్చింది. రక్షణ పేరుతో వచ్చిన చట్టమే. అది ఆడవాళ్లను గని ప్రమాదాల నుంచి ఎంత కాపాడిందో గాని, గని జీతం నుంచి మాత్రం బాగానే కాపాడింది!

ఆడవాళ్లను బాయిలోకి రానివ్వలేదు సరే, బాయి మాత్రం వాళ్లింట్లోకి వచ్చేసింది. ఫస్టు షిఫ్టుకు పోయేవాడి టిఫిన్ కోసం తెల్లవారుజామునే పొయ్యి వెలగాలి. సెకండు షిఫ్టు దిగి వచ్చేవాడికి అర్ధరాత్రి వేడి అన్నం పెట్టాలి. నైటు షిఫ్టు చేసినవాడు పగలు పడుకుంటే రెండు గదుల క్వార్టర్లో పిల్లల నోళ్లు మూయించాలి. బొగ్గు మరకల బట్టలు ఉతకాలి. ఒకే ఇంట్లో తండ్రిదొక షిఫ్టు, కొడుకుదొక షిఫ్టు అయితే ఆ ఇల్లాలికి మూడు షిఫ్టులూ డ్యూటీయే. ఏ రిజిస్టరులోనూ ఆమె పేరుండదు.

జీతం కోసం ఇంట్లోనే చేసే పని కూడా ఈ ప్రాంతానికి కొత్త కాదు. గోదావరిఖని 2016 దాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఆ జిల్లాలోనూ, పక్క నిజామాబాద్‌లోనూ బీడీలు చుట్టడం వేల ఇళ్ల ఆడవాళ్ల పని. తునికాకు, తంబాకు తెచ్చుకుని ఇంటి పనుల మధ్య చుట్టి ఇస్తే, నచ్చనివి ఏరి పక్కన పడేస్తారు. ఆ నష్టం చుట్టిన మనిషిదే. 1966 బీడీ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవాళ్లను కూడా కార్మికులుగానే గుర్తించింది. 1977లో బీడీ పరిశ్రమకు ప్రావిడెంట్ ఫండ్ వర్తింపజేసినప్పుడు మాత్రం యజమానులు అడ్డం తిరిగారు. ఇళ్లల్లో కూర్చుని చేసేవాళ్ల మీద మా అజమాయిషీ ఎక్కడుంది, వాళ్లు మా ఉద్యోగులెలా అవుతారు అని వాదించారు. 1985లో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. బాగాలేదని సరుకును తిప్పికొట్టే హక్కు ఉండటమే అజమాయిషీ అంది. నా దృష్టిలో ఇంటిపని చరిత్రలో ఇది చాలా ముఖ్యమైన మాట. మేస్త్రీ నెత్తిమీద నిలబడకపోయినా యజమాని ఇంట్లోనే ఉన్నాడని కోర్టు గుర్తించింది.

నర్సాపురం లేసు అల్లే ఆడవాళ్లకు ఆ గుర్తింపు కూడా దక్కలేదు. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో వాళ్ల మీద పుస్తకం తెచ్చారు. వాళ్ల లేసు విదేశాలకు పోతుంది, వ్యాపారం మగవాళ్ల చేతుల్లో ఉంటుంది, అల్లే ఆమె మాత్రం "తీరిక వేళల్లో ఏదో చేసుకునే గృహిణి". ఆమెను గృహిణి అన్నందువల్లే అంత తక్కువ కూలి ఇవ్వడం సాధ్యమైందన్నది మీస్ విశ్లేషణ.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ అయ్యి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కూతుళ్లు ల్యాప్‌టాప్‌లతో క్వార్టర్లకు తిరిగొచ్చారు. ఏప్రిల్లో సింగరేణి భూగర్భ గనులకు లే-ఆఫ్ ఇచ్చింది, ఓపెన్‌కాస్టులు ఆగలేదు. బాయికి పోయే తండ్రి ఇంట్లో, ఆఫీసుకు పోయే కూతురూ ఇంట్లో. ఆ రెండు గదుల్లో ఆమె ఆఫీసు ఎక్కడ? మంచం మీద, దిండు మీద పెట్టిన ల్యాప్‌టాప్‌లో. గనులు మళ్లీ తెరిచాక నైటు షిఫ్టు చేసొచ్చిన నాన్న పడుకుంటే ఫోన్లో గొసగొసగా మాట్లాడాలి. అవతలివాళ్లు వినపడటం లేదంటారు. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయితే కిటికీ అద్దాలు అదురుతాయి. పొద్దున తుడిచిన కీబోర్డు సాయంత్రానికి వేలికి నల్లగా అంటుతుంది. కరెంటు పోతే నెట్ పోతుంది. మీటింగ్ మధ్యలో కుక్కరు కూత, ఆ వెనకే, "ఇంట్లనే ఉన్నవ్ గదా బిడ్డా, జర పాలు పొంగుతయేమో చూడు" అనే పిలుపు.

పాలు చూసి వచ్చేసరికి స్క్రీన్ మీద పేరు పక్కన పచ్చచుక్క పసుపు రంగుకు మారి ఉంటుంది. కంప్యూటర్‌కు మస్టరు వెయ్యడం వచ్చు. మౌస్ కదిలితే హాజరు, కదలకపోతే గైర్హాజరు. బీడీలు ఏరి పారేసే చెయ్యి ఇప్పుడు ఆ చుక్కలో ఉంది. కానీ పొయ్యి దగ్గరి అయిదు నిమిషాలకు అక్కడ గైర్హాజరు, ఇంట్లో వాటికి లెక్కే లేదు. అదే గదిలో కూర్చుని అదే పనిచేసే తమ్ముడిని పాలు చూడమని ఎవరూ పిలవరు. అతను "డ్యూటీలో" ఉంటాడు, ఆమె "ఇంట్లో" ఉంటుంది.

ఈ తేడాను దేశం ఒకసారి నిమిషాల్లో కొలిచింది. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారు. 2024 సర్వేలో అవి 289, 88 అయ్యాయి. ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గితే మగవాళ్లకూ తొమ్మిది తగ్గాయి. మధ్యలో అంతమంది మగవాళ్లు నెలల తరబడి ఇళ్లలోనే కూర్చున్నారు మరి.

మరో విచిత్రం. 2019లోనే కేంద్రం 46వ సెక్షన్‌కు మినహాయింపు ఇచ్చి, ఆడవాళ్లు పగటి వేళ భూగర్భంలోకి దిగొచ్చంది. బాయి తలుపు తెరుచుకున్న ఏడాదికే ఇంటి తలుపు మూసుకుంది. తర్వాత ఆఫీసులు మళ్లీ రమ్మన్నప్పుడు కొడుకుల సంచులు సర్దినంత తొందరగా కూతుళ్ల సంచులు సర్దని ఇళ్లు నాకు తెలుసు. "ఇంటి నుంచే చేసుకోవచ్చు గదా, హాస్టల్ ఎందుకు" అన్నారు మొదట. తర్వాత పెళ్లిచూపుల్లో అబ్బాయి తరఫువాళ్లు అదే మాటను ప్రశ్నగా అడగడం మొదలుపెట్టారు: జీతం ఎంత అని, ఆ వెంటనే, ఇంటి నుంచి చేసే వీలుందా అని.