విడాకుల న్యాయ వ్యయం: నార్సింగి పరిసరాలు

విడాకుల న్యాయ వ్యయం అంటే పెళ్లిని చట్టప్రకారం రద్దు చేసుకోవడానికి భార్యాభర్తలకు అయ్యే మొత్తం ఖర్చు. కోర్టు ఫీజు, లాయరు ఫీజు, భరణం, ఆస్తి బదిలీ రుసుములు అన్నీ ఇందులోకి వస్తాయి. రంగారెడ్డి జిల్లా గండిపేట మండలంలోని నార్సింగిలోనూ, పక్కనున్న కోకాపేట, పుప్పాలగూడ, మంచిరేవులలోనూ ఐటీ ఉద్యోగుల కాపురాలు ఎక్కువ. ఇద్దరి జీతాల మీద తీసుకున్న గృహరుణం, ఇద్దరి పేర్ల మీదున్న ఫ్లాటు ఉన్నచోట లాయరు ఫీజు కన్నా ఆ ముడి విప్పుకోవడమే ఖరీదైన పని.

హిందూ వివాహ చట్టం (1955) 19వ సెక్షన్ ప్రకారం పెళ్లి జరిగిన చోట గానీ, ఎదుటివారు ఉంటున్న చోట గానీ, చివరిసారి కలిసి కాపురం చేసిన చోట గానీ కేసు వేయవచ్చు. 2003 సవరణతో భార్య తానుంటున్న చోటే వేసుకునే వీలు వచ్చింది. రంగారెడ్డి జిల్లా ఫ్యామిలీ కోర్టు ఎల్.బి.నగర్‌లో, అంటే నార్సింగి నుంచి చూస్తే నగరానికి ఆ కొసన ఉంది. వాయిదా ఉన్న రోజు ఆఫీసుకు సెలవు పెట్టక తప్పదు. కేసు ఏళ్ల తరబడి సాగితే ఆ సెలవులు కూడా ఖర్చే.

భార్య విజయవాడలో పుట్టింటికి చేరి అక్కడ కేసు వేసి, భర్త ఎల్.బి.నగర్‌లో వేస్తే కొత్త ఖర్చు మొదలవుతుంది. తెలుగు రాష్ట్రాల హైకోర్టులు 2019 జనవరి 1 నుంచి వేరయ్యాయి. ఒక రాష్ట్రంలోని కేసును మరో రాష్ట్రానికి మార్చే అధికారం సుప్రీంకోర్టుదే కాబట్టి, బదిలీ కోసం ఢిల్లీలో మరో లాయరును పెట్టుకోవాలి.

అన్నిటికన్నా చవకైన దారి పరస్పర అంగీకారం. హిందూ వివాహ చట్టంలో 1976లో చేర్చిన 13బి సెక్షన్ కింద, ఏడాది పాటు విడిగా ఉన్న దంపతులు కలిసి ఒకే పిటిషన్ వేస్తారు. ఆరు నెలల తర్వాత రెండోసారి కోర్టు ముందుకు వచ్చి అదే మాట చెప్పాలి. భరణం, పిల్లల సంరక్షణ వంటివన్నీ ముందే తేలిపోయి, కలిసే ఆశ లేదని రుజువైతే ఆ ఆరు నెలల గడువును కోర్టు సడలించవచ్చని అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. సమ్మతి మీద ఇచ్చిన డిక్రీకి అప్పీలు లేదు కనుక అక్కడితో ఖర్చు ఆగుతుంది.

పోరాడి తెచ్చుకునే విడాకుల లెక్క వేరు. 13వ సెక్షన్ కింద క్రూరత్వమో, విడిచిపెట్టి పోవడమో సాక్ష్యాలతో నిరూపించాలి. చాలాసార్లు దీనికి తోడు మనోవర్తి కేసు, గృహహింస కేసు, జనం ఇంకా 498ఎ అనే పిలిచే క్రిమినల్ కేసు (ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్) నడుస్తుంటాయి. ఒక్కో కేసుకు ఒక్కో వకాల్తా, ఒక్కో ఫీజు, వేర్వేరు వాయిదాలు. విడాకుల ఖర్చును పెంచేది కోర్టు ఫీజు కాదు, కేసుల సంఖ్య. పంతం కోసం వేసిన కేసు వేసినవారి డబ్బునే ముందు తినేస్తుంది.

లాయరు ఎంత తీసుకోవాలో ఏ చట్టమూ చెప్పలేదు. కానీ గెలిస్తే వచ్చే భరణంలో ఇంత శాతం అని ఒప్పందం చేసుకోవడాన్ని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు నిషేధించాయి. ఫీజు బాకీ ఉందని కేసు కాగితాలు అట్టిపెట్టుకునే హక్కు కూడా లాయరుకు లేదని 2000లో సుప్రీంకోర్టు తేల్చింది. వాయిదాకు ఇంతా, కేసు మొత్తానికి ఇంతా, అప్పీలు ఇందులో కలిసిందా లేదా అన్నది మొదటి రోజే కాగితం మీద రాయించుకోవడం మంచిది.

కేసు నడుస్తుండగా సొంత రాబడి సరిపోని భార్య గానీ భర్త గానీ హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణంతో పాటు కోర్టు ఖర్చులూ ఎదుటివారి నుంచి అడగవచ్చు. ఈ సంగతి తెలియక నగలు తాకట్టు పెట్టేవారిని చూస్తే బాధ కలుగుతుంది. రజ్నేష్–నేహా కేసులో 2020లో వచ్చిన తీర్పు తర్వాత ఇద్దరూ తమ ఆస్తులు, అప్పుల వివరాలతో ప్రమాణపత్రం దాఖలు చేయాలి. భరణం దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కకు వస్తుంది. రెండు కోర్టుల్లో భరణం వస్తే ఒకదాన్ని మరొకదానిలో సర్దుబాటు చేస్తారు. విడాకులు పొందిన ముస్లిం మహిళలూ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద మనోవర్తి కోరవచ్చని సుప్రీంకోర్టు 2024 జులైలో తీర్పిచ్చింది. ఆ కేసు తెలంగాణ నుంచి వెళ్లిందే.

ఇక ఫ్లాటు. రాజీలో 'ఫ్లాటు భార్యకు' అని రాసుకున్నంత మాత్రాన బ్యాంకు భర్తను వదిలిపెట్టదు. రుణపత్రం మీద సంతకం ఉన్నంతకాలం వాయిదాలకు ఇద్దరూ బాధ్యులే. బ్యాంకు ఒప్పుకొని పేరు తీసేయాలి, లేదా ఆ అప్పు తీర్చి కొత్త రుణం తీసుకోవాలి. రాజీ డిక్రీలో ఉన్న స్థిరాస్తి ఆ కేసులోని వివాదాంశం కాకపోతే రిజిస్ట్రేషన్ తప్పనిసరని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది. అందుకే ఫ్లాటు వివరాలను పిటిషన్ షెడ్యూల్లోనే చేర్చాలి. తెలంగాణలో అమ్మకపు దస్తావేజు మీద మొత్తం రుసుములు 2021లో 7.5 శాతానికి పెరిగాయి. కోటి రూపాయల ఫ్లాటును అమ్మకం కింద రాసుకుంటే ఏడున్నర లక్షలు పోతాయి.

అమెరికాలో ఉన్నవారు అక్కడే తేల్చుకుంటే సులువనుకుంటారు. కానీ తిరుపతిలో 1975లో పెళ్లయిన దంపతుల కేసులో భర్త మిస్సోరీ రాష్ట్ర కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య క్రిమినల్ కేసు పెట్టింది. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో ఆ చట్టంలోని కారణాల మీద రాని విదేశీ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో వై.నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. భార్య సమ్మతి లేకుండా తెచ్చుకున్న అలాంటి డిక్రీకి రెండు దేశాల్లోనూ ఖర్చు పెట్టాల్సి వస్తుంది.

న్యాయ సేవాధికార సంస్థల చట్టం (1987) 12వ సెక్షన్ కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. ఐటీ కంపెనీలో జీతం తీసుకునే మహిళకూ ఈ హక్కు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు చేసుకోవచ్చు, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.