చెప్పులు కుట్టువాడు దూరమైన దేశము

అడిలైడ్ నగరమున న్యాయస్థానములుండు విక్టోరియా స్క్వేరు నుండి కింగ్ విలియం వీధి వెంబడి ఉత్తరముగా నడచుచు, ఎదురుపడువారి ముఖములను గాక పాదములను చూచునట్టి నావంటి దురలవాటుగలవారు, వకీలేమి, బ్యాంకు ఉద్యోగియేమి, శాసనసభ్యుడేమి, పెక్కుమంది ఒకే తీరు బూట్లు తొడిగియుండుట గమనింపగలరు. వానికి త్రాళ్లు లేవు, గుండీలు లేవు. చీలమండకు ఇరుప్రక్కల సాగెడు రబ్బరుపట్టీలును, ముందు వెనుకల వ్రేలు దూర్చి పైకి లాగుకొనుటకు రెండు గుడ్డచెవులును మాత్రమే కలవు. ఆర్. ఎం. విలియమ్స్ అను పేర అమ్ముడుపోవు ఈ జోడు వెల నేడు ఆరువందల ఆస్ట్రేలియా డాలర్లు మించినది. మా బంధువుల కుర్రవాడొకడు, ఇచట చదువు ముగించుకొని ఉద్యోగమున కుదురుకొన్నవాడు, మొదటి జీతముతో వీనిని కొందునని నన్ను వెంటబెట్టుకొని పోయి, వెలచీటీ చూచి, దానిని మనస్సులోనే రూపాయలలోనికి గుణించుకొని, "బాబాయ్, ఈ డబ్బుతో మా ఊళ్లో ఎకరం కౌలుకొస్తుంది, పదండి" అని గడప దిగి వచ్చినాడు. వాని లెక్కలో తప్పు లేదు. అయితే ఆ బూటు పుట్టినది కౌలు కాదుగదా, తన పాదము క్రింద పట్టెడు నేలయైనను తనది కాని కూలివాండ్ర కొరకు.

దానిని పుట్టించిన రెజినాల్డ్ మర్రే విలియమ్స్ 1908 మే 24వ తేదీన దక్షిణ ఆస్ట్రేలియాలో జేమ్స్‌టౌన్ సమీపమునగల బెలాలీ ప్రాంతమున జన్మించెను. బడి రుచింపక, పదునైదేండ్లు నిండునప్పటికే ఇల్లు విడిచి కూలినాలి చేసికొనుచు, తరువాత విలియం వేడ్ అను మతప్రచారకుని వెంట ఒంటెలు తోలువాడై మూడేండ్లపాటు పడమటి ఎడారులలో సంచరించెను. ఆ ఒంటెల జాతి ఆ దేశమున పుట్టినది కాదు. 1866లో థామస్ ఎల్డర్ అను వర్తకుడు కరాచీ రేవు నుండి నూరు పైచిలుకు ఒంటెలను, వానిని మేపు మనుష్యులను సయితము ఓడనెక్కించి దింపెను; ఇవి వాని సంతతి. కాగా, ఆస్ట్రేలియా నడిబొడ్డుకు దారి తీసినది మన ఉపఖండపు ఒంటెకాలే అనిన అతిశయోక్తి కాదు. ఎడారిలో మనుష్యునికి నీటి తరువాత ముఖ్యమైనవి జీనును, పాదరక్షయును అని విలియమ్స్ నేర్చినది ఆ మూడేండ్లలోనే.

మహామాంద్యము దేశమును క్రుంగదీసిన 1932 ప్రాంతమున అతడు భార్యాబిడ్డలతో ఫ్లిండర్స్ పర్వతశ్రేణిలోని ఇటాలోవీ లోయయందు బసచేసి దొరకిన పని చేసికొనుచుండగా, డాలర్ మిక్ అని అందరును పిలుచు మైకేల్ జార్జి స్మిత్ అను దేశదిమ్మరి ఆ బసకు వచ్చి చేరెను. ఊరు లేదు, ఆస్తి లేదు. కాని తోలు చేతబట్టెనా, కళ్లెమైనను, కొరడాయైనను, మూటల జీనైనను, బూటైనను ఆ చేతినుండి వెలువడవలసినదే. విలియమ్స్ అతనివద్ద శిష్యుడై తోలు కోయుట, తడుపుట, అచ్చుకు సాగదీయుట, కుట్టుట నేర్చుకొనెను. అంతలో పెద్దకొడుకునకు కంటిజబ్బు ముదిరి, చూపు పోవునేమోనను భయము కలిగెను. వైద్యమునకు నగరము పోవలెను, నగరమునకు డబ్బు కావలెను. ఆ అవసరమే అతనిని, ఆ కాలమున పశువుల రాజు అని పేరొందిన సిడ్నీ కిడ్మన్ వద్దకు పంపి, మూటల జీనుల కొరకు ఒక గిరాకీని సంపాదించిపెట్టెను. దరిమిలా అడిలైడ్ శివారున ప్రాస్పెక్ట్ లోని పెర్సీ వీధిలో తండ్రి ఇంటి పెరటి రేకులశాలయే కర్మాగారమైనది. పత్రికలో ప్రకటన వేయించి, డబ్బు ముందుగా పంపినవారికి సరుకు తపాలాలో పంపుట అతని వ్యాపారపద్ధతి. కొనువాడు అమ్మువానిని చూడడు. చూచుటకు వందల మైళ్లు రావలెను. పాదముల కొలత మాత్రము కాగితముపై గీచి పంపునట్టి ఆ వ్యాపారమున, ఒక్కసారి మోసపోయినవాడు రెండవసారి ఉత్తరము వ్రాయడు. అందుచేత బూటే తన తరఫున మాటాడవలసివచ్చెను.

ఆ మాట ఎట్టిదో తెలియుటకు బూటును తలక్రిందులు చేసి చూడవలెను. పైభాగమంతయు ఒకే తోలుముక్క. కాలివ్రేళ్ల మీదుగా తిరిగి వచ్చి, మడమవెనుక నొక్కచోట మాత్రము కుట్టుపడును. కుట్టు తక్కువైనకొలది, ఇసుకకును నీటికిని, దారము తెగుటకును అవకాశము తక్కువ. అయితే ఒకే ముక్కలో నాలుగైదు వంపులు రావలెనన్న, మచ్చగాని గాటుగాని లేని తోలు ఎంచుకొనవలెను. మిగిలిన తోలు వృథా యగును. వెల పెరుగుట అచటనే ఆరంభము. రబ్బరుప్రక్కల యూహ మాత్రము విలియమ్స్ ది కాదు. విక్టోరియా మహారాణికి పాదరక్షలు సమకూర్చిన స్పార్క్స్ హాల్ అను లండను నగరపు నిపుణుడు ఒక శతాబ్దము ముందే దానిని కనిపెట్టెను. రాణిగారి వాడుకకు పుట్టిన సౌకర్యమును పశులకాపరి మరొక ప్రయోజనమునకు వాడుకొనెను: గుఱ్ఱము బెదరి తన్ను పడద్రోసినపుడు, పాదము రికాబులో చిక్కినను బూటు ఊడివచ్చును, మనిషి ఈడ్వబడడు. చుట్టుకొనుటకు త్రాళ్లు లేవు, ముండ్లకంప పట్టుకొనుటకు ముడి లేదు. అడుగుతోలు పైతోలునకు నేరుగా గాక, నడుమనొక తోలుపట్టీకి కుట్టబడియుండుటచే, అరిగినపుడు పైభాగమునకు హాని లేకుండ అడుగును మాత్రము విప్పి క్రొత్తది వేయవచ్చును.

కిడ్మన్ సంస్థ ఏలుబడిలో చిరకాలముండిన అన్నా క్రీక్ అను పశుక్షేత్రము ఒక్కటియే మన ఉమ్మడి కృష్ణాజిల్లాను మించిన విస్తీర్ణము గలది. అందు నెలల తరబడి మందల వెంట తిరుగువానికి బూటు పిగిలెనేని, దగ్గరి చెప్పులంగడి ఎచట? అతనికి వెలయను మాటకు అర్థము నాణెములలో లేదు, మైళ్లలో నున్నది. బాగుచేయువాడు ఎంత దూరముననుండునో వస్తువు అంత గట్టిదై యుండవలెను. గట్టితనమునకు చెల్లించు సొమ్ము ఆ దూరమునకు చెల్లించు సుంకము.

ఈ సూత్రము నాకు స్ఫురించినది, నిజము చెప్పవలెనన్న, ఆస్ట్రేలియాలో గాక మా తాతగారి కిఱ్ఱుచెప్పుల జ్ఞాపకముననే. ఆముదము పట్టించి నీడను ఆరవేసిన ఆ చెప్పులు ఆయన వచ్చుచున్నాడని వీధిమలుపున నుండగానే చెప్పుచుండెడివి. ఏటికొక జోడు, నడుమ వారు తెగిన, ఊరి చివర మాదిగవాడకు పంపిన చాలు, ఆరెయు రంపెయు చేతబట్టి సాయంకాలములోపల సరిచేసి యిచ్చెడివారు. డబ్బు చేతులు మారుట అరుదు. కళ్లములో ధాన్యము కొలుచునాడు మేర యిచ్చుటయే వాడుక. బాగుచేయువాడు పిలుపుదూరమున నుండెను గనుక మనకు గట్టి చెప్పు అవసరము లేకపోయెనని ఒకప్పుడు నేను గొప్పగా చెప్పుచుండెడివాడను. కాని ఆ చవుకదనమును భరించినది ఎవరు? లందలోని దుర్గంధమును, ఊరికి వెలియైన నివాసమును, గింజలలో కొలిచి యిచ్చు కూలిని భరించినవారే గదా. వారి పనికి మనము కట్టని వెల మా తాతగారి చెప్పులలో ఎచటనో దాగియున్నది. విలియమ్స్ బూటు వెలచీటీపై అది కనబడుచున్నది, అంతే భేదము.

తోలు మాట వచ్చినది గనుక దారి తప్పి రెండు చెట్లను గూర్చి చెప్పక తప్పదు. మన లందలలో తోళ్లను పదును చేయుటకు తంగేడు చెక్కను, కరక్కాయను వాడుచుండిరి. తంగేడు వగరు తోలునకు నునుపును, లేతరంగును తెచ్చును. మదరాసు రేవునుండి ఎగుమతియైన ఆ పదునుతోళ్లు మొదటి మహాయుద్ధకాలమున బ్రిటిష్ సైనికుల బూట్లకు పైతోలైనవి. ఆస్ట్రేలియాలో ఆ పని చేసినది వాటిల్ అను వృక్షము. మన తుమ్మకు దగ్గరి చుట్టము. దాని విత్తనములను 1864లో వాండర్‌ప్లాంక్ కుటుంబమువారు దక్షిణాఫ్రికాలోని నేటాలునకు కొనిపోగా, అచట అది తోటలు తోటలుగా పెరిగి, దాని చెక్క తిరుగుటపాలో మదరాసు తోలుశాలలకు వచ్చి తంగేటిని వెనుకకు నెట్టెను. తంగేడు బతుకమ్మ పళ్లెములలో మిగిలి, 2014లో తెలంగాణకు రాష్ట్రపుష్పమైనది; వాటిల్ జాతులలో ఒకటైన బంగరు వాటిల్ 1988లో ఆస్ట్రేలియాకు జాతీయపుష్పమైనది. రెండును పసుపుపచ్చని పూలు, రెంటి చెక్కయు వగరే. తోలువానివద్ద పరస్పరము పోటీపడిన ఈ రెండును నేడు పతాకల ప్రక్కన కూర్చున్నవి; చూడగా నాకు నవ్వు వచ్చును.

ఎక్కువ వెల పెట్టి మన్నిక కొనుట మన రైతులకు తెలియనిదని తలంపరాదు. 1903 ప్రాంతమున మదరాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ లో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అను ఇంజనీరు క్రోముతో తోలు పదును చేయు ప్రయోగములారంభించి, చెప్పులతోపాటు కపిలబావులలో నీరు తోడు తోలుబానలను గూడ ఆ తోలుతో చేయించెను. నాటుతోలు బాన నీటిలో నాని చివుకుచుండగా, క్రోముతోలు బాన ఎక్కువకాలము నిలుచుచుండెను. బాన పగిలిన పైరు ఎండును. ఆ భయము తెలిసినవానికి వెల సంగతి బోధింప పనిలేదు.

విలియమ్స్ సంస్థ చరిత్రలో తక్కిన భాగము, సాధారణముగా వ్యాపారచరిత్రలు నడచు దారినే నడచినది గావున త్వరగా ముగింతును. 1944లో అతడు హూఫ్స్ అండ్ హార్న్స్ అను పత్రికను స్థాపించెను. పశులకాపరుల స్మృతికై లాంగ్‌రీచ్ పట్టణమున లేచిన ప్రదర్శనశాలకు తోడ్పడెను. అది తెరువబడిన 1988లోనే సంస్థను అమ్మివేసెను. కొన్నవారు 1993లో దివాలా అంచున పడగా, కెన్ కౌలీ, కెర్రీ స్టోక్స్ అనువారు చేపట్టిరి. 2013లో ఫ్రాన్సుదేశపు విలాసవస్తువుల మహాసంస్థతో సంబంధముగల పెట్టుబడిదారులు సగమునకు కొంచెము తక్కువ వాటా కొనిరి. 2020లో ఇనుపగనుల అధిపతియైన ఆండ్రూ ఫారెస్ట్ కుటుంబసంస్థ దానిని పూర్తిగా ఆస్ట్రేలియా వశము చేసికొనెను. విలియమ్స్ మాత్రము 2003 నవంబరులో తొంబదియైదేండ్ల వయస్సున మరణించెను. బూట్లు నేటికిని అడిలైడ్ శివారున సాలిస్‌బరీలోనే కుట్టబడుచున్నవి. పోటీదారులలో 1870 నాటి హోబార్టు సంస్థ బ్లండ్‌స్టన్ 2007 తరువాత కుట్టుడుపనిలో అధికభాగమును ఆసియాకు తరలించుకొన్నది.  నగరమున తొడుగువారికి విలియమ్స్ పద్ధతిని కుట్టిన బూటు నిజముగా అవసరమా యన్న ప్రశ్నకు నాకు సందేహమే. అందు కొంత గుఱ్ఱముపై నెక్కని గుఱ్ఱపురౌతు వేషము. కాని దూరము తొలగినదనుట మాత్రము పొరబాటు. మైళ్లలో తగ్గినది, కూలిరేట్లలో పెరిగినది: అడిలైడ్ లో జిగురుతో అతికించిన చవుకబూటునకు క్రొత్త అడుగు వేయుటకన్న క్రొత్తబూటు కొనుటయే సులభము.

గతసంవత్సరము ఈ నగరమున ఒక మరమ్మతుశాలలో, నా ముందున్న వృద్ధుడు తన బూట్లు బల్లపై నుంచెను. పైతోలు చేతి మడతలవలె ముడుతలు పడియున్నది గాని ఎచటను పగులలేదు. పనివాడు అడుగుతోలు అంచున కత్తి దూర్చి, కుట్టు తెంచి, పటకారుతో ఒక్కలాగున విప్పగా, లోపల నింపిన బెండుపొర బయటపడెను. దానిపై ఆ వృద్ధుని పాదము ముద్రపడియున్నది: మడమ గుంట, వంపు మిట్ట, బొటనవ్రేలి లోతు, చిన్నవ్రేలి వంకర గూడ. మేమిరువురమును వంగి చూచితిమి. పదునెనిమిదేండ్లదని అతడు చెప్పెను. పనివాడు ఒక క్షణమాగి, వృద్ధుని ముఖమువంక చూచి, అతడు తల యూచిన తరువాత ఆ ముద్రను గీకివైచి క్రొత్త బెండు నింపనారంభించెను.