ఎర్లాంగ్ పుట్టుపూర్వోత్తరములు

పెక్కు కంప్యూటర్ల మీద పరచుకొని ఒక్కటిగా పనిచేయు సాఫ్ట్‌వేరు వ్యవస్థలను గూర్చి నేడు ప్రసంగించువారిలో పలువురు, ఆ విద్య ఇంటర్నెట్‌తో పాటు పుట్టినదనియు, అమెరికా పడమటి తీరమునందలి సంస్థలే దానిని పెంచి పెద్దచేసినవనియు తలంతురు. ఇది పూర్తిగా అసత్యము కాదు గాని, పూర్వకథను విస్మరించిన మాట. యంత్రములలో ఏదో ఒకటి ఎప్పుడో ఒకప్పుడు చెడక తప్పదు, చెడినను పని నిలువరాదు అను రెండు షరతులకు తలయొగ్గి దశాబ్దముల తరబడి వ్యవస్థలను నిర్మించినవారు టెలిఫోను ఎక్స్ఛేంజీల ఇంజనీర్లు. వారి అనుభవసారము ఒక భాషగా రూపొంది, దానిని కన్న కంపెనీయే దానిని కాదనుకొని, కాదనుకొన్న సంవత్సరముననే మూలరచనతో సహా లోకమునకు ధారపోసిన వృత్తాంతము ఎర్లాంగ్ చరిత్ర. ఓపెన్ సోర్స్ సాధనములలో ఇంతకంటె ఆలోచింపదగిన జీవితకథ గలది మఱియొకటి నాకు కానరాదు.

ఎరిక్సన్ కంపెనీ 1876లో స్టాక్‌హోము నగరమున స్థాపితమయ్యెను. దానికి నూఱేండ్లు నిండిన 1976లో, ఆ నగరమునకు చేరువనున్న సోడెర్‌టెల్యె పట్టణమున, ఏ.ఎక్స్.ఈ. అను పేరుగల కంప్యూటరు చాలిత ఎక్స్ఛేంజి పని ప్రారంభించెను. ఎక్స్ఛేంజి చేయు పని పైకి సామాన్యముగ కనిపించును. లోన దాని ధర్మసూక్ష్మములు వేఱు. ఏకకాలమున వేలకొలది సంభాషణలు జరుగుచుండును. వానిలో దేనికదియే స్వతంత్రము. ఒకరి కాల్‌లో దొరలిన తప్పు పొరుగువాని కాల్‌ను తెంచరాదు. ప్రోగ్రాములో మార్పు చేయవలసివచ్చినను ఎక్స్ఛేంజిని ఆపుటకు వీలులేదు, ఏలయన రాత్రి రెండు గంటలకైనను ఎవరో ఒకరు వైద్యుని పిలుచుచునే యుందురు. అమెరికాలో బెల్ వారు 1965లో నెలకొల్పిన తొలి ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి విషయమున, నలువది ఏండ్లలో రెండు గంటలకు మించి సేవ నిలిచిపోరాదని లక్ష్యముగ పెట్టుకొనిరన్నచో ఆ వృత్తిలోని నిష్ఠ యెట్టిదో ఊహింపవచ్చును. ఏ.ఎక్స్.ఈ. కొఱకు ఎరిక్సన్ వారు ప్లెక్స్ అను సొంత భాషను వాడిరి. అది పని నెరవేర్చెను గాని, ఆ ఒక్క యంత్రమునకే కట్టుబడినదై, ప్రోగ్రాములు వ్రాయుటకు ప్రయాసకరముగ నుండెను.

1980 తరువాతి సంవత్సరములలో ఎరిక్సన్ కంపెనీయందు, ఇంతకంటె సుకరముగ టెలిఫోను సాఫ్ట్‌వేరు వ్రాయు మార్గమును అన్వేషించుటకై, బ్యార్నె డెకర్ నాయకత్వమున ఒక చిన్న కంప్యూటరు ప్రయోగశాల ఏర్పడెను. అక్కడివారు అప్పటికి ప్రసిద్ధములైన అనేక భాషలలో ఒకే చిన్న టెలిఫోను ప్రోగ్రామును మరల మరల వ్రాసి, ఏ భాషయందు ఏ సౌలభ్యము కలదో, ఏది కొఱవడెనో పరీక్షించిరి. కొన్నిటియందు భావవ్యక్తి చక్కగ కుదిరినను ఏకకాలమున పెక్కు పనులు జరుపు శక్తి లేకుండెను. ఆ శక్తి గలవానిలో తప్పుల నుండి తేరుకొను ఉపాయము లేకుండెను. భౌతికశాస్త్రము చదివి ఆ శాలలో చేరిన జో ఆర్మ్‌స్ట్రాంగ్ 1986లో ప్రోలాగ్ భాషను ఆధారముగ గొని ఒక కొత్త భాషకు అంకురార్పణ చేసెను. రాబర్ట్ విర్డింగ్, మైక్ విలియమ్స్ అతనితో చేతులు కలిపిరి. టెలిఫోను రద్దీని గణితమునకు లొంగదీసిన కోపెన్‌హేగన్ టెలిఫోను కంపెనీ గణితవేత్త ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ (1878–1929) పేరునే దానికి పెట్టిరి. ప్రోలాగ్ మీద నడిచినంత కాలము అది మిక్కిలి మందగమనముగ నుండెను. అందుచే ఆ మువ్వురును పని పంచుకొని, ఆర్మ్‌స్ట్రాంగ్ కంపైలరును, విలియమ్స్ సీ భాషలో ఎమ్యులేటరును, విర్డింగ్ లైబ్రరీలను వ్రాసి దానిని స్వతంత్రముగ నిలబెట్టిరి.

ఈ భాషలోని ముఖ్యాంశమును కొంత దగ్గఱగా చూడవలెను. ఎర్లాంగ్‌లో పనులన్నియు ప్రాసెస్‌లు చేయును. ఒక్కొక్క ప్రాసెస్ రెండు మూడు కిలోబైట్ల జ్ఞాపకస్థానముతో పుట్టును గనుక, ఒకే యంత్రమున లక్షలకొలది ప్రాసెస్‌లను పుట్టించినను చిక్కులేదు. ఒకదాని సొత్తును మఱియొకటి తాకజాలదు. ఒకటి వేఱొకదానికి సందేశము పంపవచ్చును, అంతే. పంపవలసిన ప్రాసెస్ గుర్తును వ్రాసి, ప్రక్కన ఆశ్చర్యార్థక చిహ్నముంచి, ఆ తరువాత సందేశమును వ్రాసినచో అది పోయి ఆవలిదాని పెట్టెలో పడును. ఆ ప్రాసెస్ ఇదే కంప్యూటరునందున్నను, వైరు ద్వారా కలిసిన వేఱొక కంప్యూటరునందున్నను ఈ వాక్యమున ఒక్క అక్షరమైనను మారదు. 1990 ప్రాంతమున శాలలో చేరిన క్లేస్ విక్‌స్ట్రోమ్ ఈ దూరసంబంధమును సాధించుటలో ప్రధానపాత్ర వహించెను. ఒక యంత్రము కొఱకు వ్రాసిన ప్రోగ్రాము పది యంత్రములకు వ్యాపించునపుడు ప్రోగ్రామరు తన ఆలోచనారీతిని మార్చుకొనవలసిన పని లేకుండుట అప్పటినుండి ఆ భాషకు సహజగుణమయ్యెను.

మఱి తప్పు జరిగినచో? ఇతర భాషలవారు తప్పును ముందుగ ఊహించి అడుగడుగునను కాపుదల కట్టుదురు. ఎర్లాంగ్‌వారు అట్లు చేయక, తప్పుబడిన ప్రాసెస్‌ను చావనిత్తురు. దానితో ముడిపడిన సూపర్‌వైజర్ అను వేఱొక ప్రాసెస్‌కు ఆ మరణవార్త తక్షణమే అందును. అది, కూలి ఒకడు సొమ్మసిల్లినచో వెంటనే వేఱొకని పనిలో పెట్టు మేస్త్రీవలె, కొత్త ప్రాసెస్‌ను శుద్ధమైన స్థితిలో నిలుపును. నిర్ణీత వ్యవధిలో ఇన్నిసార్లకు మించి మరణములు సంభవించినచో సూపర్‌వైజరే తాను కూడ ప్రాణము విడిచి, బాధ్యతను తనపై నున్న సూపర్‌వైజరునకు అప్పగించును. యంత్రమే పడిపోయినపుడును పొరుగు యంత్రమునకు ఇట్టి వార్తయే చేరును. ప్రాసెస్ చావునకు, కంప్యూటరు చావునకు ఒకే విధమైన చికిత్స. మనుష్యుడు వ్రాసిన ప్రోగ్రామునందు తప్పు ఉండితీరునని వినయముగ అంగీకరించి, ఆ అంగీకారము మీదనే భవనము కట్టిన ఈ పద్ధతి నా దృష్టిలో ఆ శాలవారి పరమోత్కృష్ట సాధన. నడుచుచున్న వ్యవస్థలో ఒక మాడ్యూలు పాత ప్రతియు కొత్త ప్రతియు ఏకకాలమున నిలిచి, జరుగుచున్న సంభాషణలు తెగకయే పాతది తొలగిపోవు ఏర్పాటును కూడ వారు చేసిరి.

1995 చివర ఎరిక్సన్‌వారి పరివారమున ఏ.ఎక్స్.ఈ.-ఎన్ అను ఒక మహాప్రయత్నము కుప్పకూలెను. ఏండ్లు గడిచినను ఫలము దక్కని ఆ ప్రణాళికను విడిచిపెట్టి, ఎర్లాంగ్‌తో మరల మొదలిడిరి. 1996లో భాషతో పాటు సూపర్‌వైజర్లు, నీజియా అను డేటాబేసు మున్నగువానిని ఒకచో కూర్చి ఓ.టీ.పీ. అను పరికరముల సంపుటిని వెలువరించిరి. దాని ఆధారమున నిర్మింపబడి 1998 మార్చిలో ప్రకటింపబడిన ఏ.ఎక్స్.డీ. 301 అను స్విచ్చిలో పదిలక్షల పంక్తులకు మించిన ఎర్లాంగ్ రచన యుండెను. అది 99.9999999 శాతము కాలము నిలువక పనిచేసెనని చెప్పుదురు. పరిమితమైన పరిశీలన నుండి తీసిన ఆ అంకెను ప్రమాణవాక్యముగ వల్లించుట నాకు ఇష్టము లేదు. ఆ స్విచ్చి కీర్తికి అంత అలంకారము అక్కరలేదు.

విచిత్రమేమనగా, అదే 1998 ఫిబ్రవరిలో ఎరిక్సన్ రేడియో విభాగము తన కొత్త ఉత్పత్తులలో ఎర్లాంగ్‌ను వాడరాదని నిషేధించెను. సొంత భాషను పోషించుట భారమనియు, లోకమంతయు వాడు భాషలనే తామును వాడుట క్షేమమనియు వారి వాదము. వ్యాపారదృష్టితో అది అవివేకమని కొట్టివేయజాలము. కాని విజయము కన్నులయెదుట నుండగనే చేసిన నిర్ణయమగుటచే శాలవారి మనసు విరిగెను. ఇతరులు వాడరనుటయే అభ్యంతరమైనచో ఇతరులకే ఇచ్చివేయుడని భాషాభిమానులు పట్టుపట్టిరి. ఆ ప్రయత్నమున జేన్ వాలెరుడ్ పూనిక గొప్పది. 1998 డిసెంబరులో ఎర్లాంగ్, ఓ.టీ.పీ.ల మూలరచన అంతయు ఓపెన్ సోర్స్‌గా విడుదలయ్యెను. అనతికాలముననే ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రభృతులు కంపెనీని వీడి బ్లూటెయిల్ అను సొంత సంస్థను స్థాపించిరి. మూలరచన విడుదల కాకయున్నచో, కొన్ని స్విచ్చిలు పాతబడి తీసివేయబడిన నాడు ఆ భాషయు గతించియుండెడిదని నా నమ్మకము.

విడుదలైన పిమ్మట దానిని మొదట అక్కున చేర్చుకొన్నవారు సందేశములతో పనిగలవారు. 2002లో ఆరంభమైన ఈజాబర్‌డీ అను సందేశ సర్వరు, 2007లో వచ్చిన రాబిట్ఎంక్యూ, కౌచ్‌డీబీ అను డేటాబేసు, ఇవన్నియు ఎర్లాంగ్‌లో వ్రాయబడి, ఓపెన్ సోర్స్‌గనే ప్రచారమునకు వచ్చినవి. వాట్సాప్‌వారు ఈజాబర్‌డీతో మొదలిడి, దానిని తమ అవసరములకు తగినట్లు దిద్దుకొనుచు, 2012 నాటికి ఒక్క సర్వరుతో ఇరువది లక్షలకు మించిన ఫోన్లను కలిపి యుంచగలిగిరి. 2014లో ఫేస్‌బుక్ ఆ సంస్థను కొనునప్పటికి నెలకు 45 కోట్ల మంది దానిని వాడుచుండిరి. మన తెలుగు పల్లెలలో పెండ్లిపిలుపు మొదలు ధాన్యపు ధర వరకు ఆ మార్గముననే చేరుచున్నవి.

లోపములును చెప్పవలెను. ఎర్లాంగ్ యంత్రముల కూటమిలో ప్రతి యంత్రమును తక్కిన అన్నిటితో నేరుగ సంబంధము పెట్టుకొనును గనుక, సంఖ్య వందకు మించుకొలది ఆ ముడులే భారమగును. కూటమిలో ప్రవేశమునకు కుకీ అను ఒక రహస్యపదము చాలును. అది తెలిసినవానికి సర్వాధికారములు దక్కును. తమ భవనమున తమ వైర్లతో కట్టుకొన్న ఎక్స్ఛేంజిలో యంత్రములన్నియు ఒకే ఇంటివి. అపరిచితులు తిరుగాడు ఇంటర్నెట్‌లో అట్టి నమ్మకము చెల్లదు. భాష పుట్టిన చోటి గుణము దానిని వీడలేదు.

ఆర్మ్‌స్ట్రాంగ్ 2003లో, దోషములున్న సాఫ్ట్‌వేరుతో నమ్మదగిన వ్యవస్థలను కట్టుటను గూర్చి స్టాక్‌హోమునందలి రాయల్ సాంకేతిక విద్యాసంస్థకు సిద్ధాంతగ్రంథము సమర్పించి డాక్టరేటు పొందెను; మఱుసటి సంవత్సరమే ఎరిక్సన్ కంపెనీకి తిరిగివచ్చెను. అప్పటికే నిషేధము మాట మెల్లగ మఱుగుపడుచుండెను. 2015లో లైసెన్సును అపాచీ పద్ధతికి మార్చిరి. బయటివారు పంపు సవరణలను స్వీకరించుటకు దాని వలన మార్గము మఱింత సుగమమయ్యెను. 2019 ఏప్రిల్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ మరణించెను. ఓ.టీ.పీ. బృందము నేటికిని ఎరిక్సన్‌లోనే యుండి ఏటేట కొత్త ప్రతిని వెలువరించుచున్నది. 2021లో వచ్చిన 24వ ప్రతిలో, ప్రోగ్రామును నడుపునపుడే యంత్రభాషలోనికి మార్చు ఏర్పాటు చేరి, దాని వేగము గణనీయముగ పెరిగెను.