బోస్టను తేయాకు – చీరాల పన్ను

రామాపురము గ్రంథాలయమున కూర్చుండి అమెరికా స్వాతంత్ర్య యుద్ధమును గూర్చి చదువు విద్యార్థికి అది దూరదేశపు కథగా తోచవచ్చును. కాని ఆ కథలోని వర్తకులు మన తీరమునకు క్రొత్తవారు కారు. 1611 లో గ్లోబ్ అను ఆంగ్లేయుల ఓడ రేపల్లె ప్రాంతపు నిజాంపట్నము రేవునకు వచ్చెను. నాటి వర్తకులు ఆ యూరిని పేటపోలి యనిరి. వారు బట్టలు కొనుటకు వచ్చినవారు. పన్ను విధించు అధికారము వారికి లేదు.

నూటయేబది యేండ్లు గడచునప్పటికి త్రాసు పట్టిన చేతికి ఖడ్గమును వచ్చెను. 1765వ సంవత్సరము గమనింపదగినది. ఆ యేడు మార్చిలో ఆంగ్ల పార్లమెంటు అమెరికా వలసలపై స్టాంపు చట్టమును విధించెను. ఆగస్టులో ఢిల్లీ పాదుషా షా ఆలం ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి వ్రాసియిచ్చెను. గుంటూరు సర్కారు మాత్రము బసాలత్ జంగు జాగీరుగా నుండి, 1788 లో కంపెనీ వశమయ్యెను.

అమెరికావారి వాదము సూటియైనది. పార్లమెంటులో తమ ప్రతినిధి లేడు గనుక తమపై పన్ను వేయు హక్కు దానికి లేదనిరి. స్టాంపు చట్టము మరుసటి యేడే రద్దయ్యెను గాని తగాదా తీరలేదు. 1773 నాటి తేయాకు చట్టమువలన తేయాకు వెల తగ్గినదే గాని పెరుగలేదు! అయినను చౌక తేయాకుతోపాటు పన్ను వేయు హక్కును కూడ మ్రింగవలసి వచ్చునని తలచి, బోస్టను పౌరులు డిసెంబరు 16 రాత్రి 342 పెట్టెలను సముద్రము పాలు చేసిరి. ఆ సరకు మన సర్కారుల నేలుచున్న ఆ కంపెనీదే.

ఇట్టి తగాదాయే తరువాత బాపట్ల తాలూకాలో పుట్టెను. చీరాల, పేరాలలు నేతగాండ్రకు, చిన్న రైతులకు నెలవులు. 1919 లో ప్రభుత్వము వీనిని పురపాలక సంఘముగా చేసెను. యూనియను నాడు ఏటికి సుమారు 4,000 రూపాయలున్న పన్ను 40,000 కు చేరెను. మగ్గమును నమ్ముకొన్నవానికి ఈ భారమెంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు. ప్రజలు అర్జీలు పెట్టుకొనిరి, ఆలకించువారు లేకపోయిరి. పన్ను కట్టమని కొందరు చెఱసాలకు పోయిరి. వారిలో ఒక స్త్రీయు గలదు. దీపములు, పారిశుద్ధ్యము ఊరికి కావలసినవే. అందు సందేహము లేదు. కాని వానికెంత వెచ్చింపవలయునో, వెచ్చించువారిని అడిగినవారు లేరు. బోస్టనుకును చీరాలకును పోలిక ఇందే యున్నది.

ఎడింబరోలో చదివివచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఈ ప్రజలకు నాయకుడయ్యెను. 1921 ఏప్రిల్‌లో బెజవాడ కాంగ్రెసు సమావేశముల పిమ్మట గాంధీజీ చీరాల వచ్చి రెండు మార్గములు చూపెను: శాంతియుతముగ పన్ను నిరాకరించుట, లేదా ఊరు విడిచిపోవుట. కాంగ్రెసు ధనసహాయము చేయజాలదనియు ముందే చెప్పెను. బోస్టనువారు సరకు పారవేసిరి. చీరాలవారు ఊరినే విడిచిరి. సుమారు 15,000 జనాభాలో 13,000 మందికి పైగా పురపాలక సరిహద్దు దాటి పాకలు వేసికొని, ఆ వాడకు రామనగరమని పేరిడిరి. గోపాలకృష్ణయ్య కూర్చిన రామదండు అచ్చట క్రమశిక్షణ నిలిపెను. పసిపిల్లలతో, ముసలివారితో ఎండకును వానకును ఓర్చి పదకొండు నెలలు పాకలలో నుండుట ఒక్క రాత్రి సాహసముకంటె కష్టతరమైన పని. ఈ మాట చరిత్ర గ్రంథములు తగినంతగా చెప్పలేదు.

ఇంతలో ఉపన్యసింపరాదను ఉత్తరువును బరంపురమున ధిక్కరించినందుకు గోపాలకృష్ణయ్యకు ఏడాది శిక్ష పడెను. నాయకుడు లేడు, ధనము లేదు. 1922 ఆరంభమున పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వమున భూమిశిస్తు నిలిపివేసిరి, గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చిరి. ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘటన పిమ్మట గాంధీజీ శాసనోల్లంఘనమును ఆపివేయగా అదియు నిలిచిపోయెను. చీరాలవారు ఏ పన్ను వలదని ఊరు విడిచిరో, ఆ పన్ను చెల్లించుటకే యిండ్లకు మరలివచ్చిరి.