ఆమె నేర్చుకున్న వైద్యానికి ఎవరు ఖర్చు పెట్టారు?

మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి అంటుంది మన సామెత. పనికి దిగాక తప్పించుకోకూడదన్న అర్థంలో దాన్ని తేలిగ్గా వాడేస్తాం. కానీ అందులో ఉన్నది ఒక వృత్తి మీద సమాజానికున్న చిన్నచూపు. పురుడు పోసే చేతులు అందరికీ కావాలి, ఆ చేతులకంటిన మైల మాత్రం ఆమెదే. ఊళ్ళల్లో మంగలి, మాల, మాదిగ స్త్రీలు తరతరాలుగా చేసిన ఈ పనిని ఆధునిక వైద్యం ఎలా చూసింది? వాళ్ళకి నేర్పడానికి ఎవరు డబ్బు పెట్టారు? నేర్పింది ఏమైందో తెలుసుకోవడానికి ఎవరు పెట్టారు? మొదటి రెండు ప్రశ్నల మీద స్త్రీల చరిత్ర రాసేవాళ్ళు కొంత పని చేశారు. మూడోదాన్ని మనం అంతగా పట్టించుకోలేదు. శిక్షణ మీద పరిశోధనకి డబ్బిచ్చేవాళ్ళు ఏది అడిగితే దానికే జవాబు దొరుకుతుంది. అడగని ప్రశ్న లెక్కల్లోనూ ఉండదు, చరిత్రలోనూ ఉండదు.

1885లో లేడీ డఫరిన్ పెట్టిన నిధి మూడు పనులు చేస్తానంది: స్త్రీలకి వైద్యవిద్య, స్త్రీలకి వైద్యసహాయం, శిక్షణ పొందిన నర్సులనూ మంత్రసానులనూ తయారుచెయ్యడం. 1903లో లేడీ కర్జన్ విక్టోరియా రాణి జ్ఞాపకార్థం మరో నిధి పెట్టారు. అది ప్రత్యేకంగా ఊరి దాయిలకు శిక్షణ ఇవ్వడానికే. 1918లో ఆ నిధి తరఫున భారతదేశంలో ప్రసూతి పరిస్థితుల మీద ఒక నివేదిక అచ్చయింది. దేశంలో ఎక్కడెక్కడో పనిచేస్తున్న వైద్యుల, ముఖ్యంగా స్త్రీ వైద్యుల అనుభవాలు అందులో ఉన్నాయి. దాయిలకు నేర్పే పని ఎలా సాగుతోందని వేర్వేరు చోట్ల నుంచి సమాచారం పోగుచేసిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. అయితే మాట్లాడింది నేర్పినవాళ్ళు. దాయి అక్కడ మురికికీ మొండితనానికీ ఉదాహరణగానే ఎక్కువగా కనిపిస్తుంది. క్లాసుకి వచ్చిన రోజు ఆమె కూలి ఏమైంది, ఆసుపత్రి వస్తే తన బతుకుతెరువు ఏమవుతుంది అని ఆమె అనుకుని ఉండదా? ఆ భయాన్ని మొండితనం అనడం ఎంత సులువో!

1946లో వచ్చిన భోర్ కమిటీ నివేదిక అంకెల్లో మాట్లాడింది. అప్పటికి దేశంలో దాదాపు 7,000 మంది నర్సులు, 750 మంది హెల్త్ విజిటర్లు, 5,000 మంది శిక్షణ పొందిన మంత్రసానులు. అంటే 60,000 మంది జనాభాకి ఒక మంత్రసాని. ఏటా దాదాపు రెండు లక్షల మంది తల్లులు కానుపు కారణంగా చనిపోతున్నారని అంచనా. ఇంత కొరత ఉన్న దేశంలో పరిశోధన డబ్బు ముందు ఎవరి చుట్టూ తిరిగిందో చూడండి.

1960లలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సహాయంతో, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ టేలర్ నాయకత్వంలో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఏడు వైద్య కళాశాలల విద్యార్థులను గ్రామాలకు పంపి, అక్కడి ఇంటర్న్‌షిప్ వాళ్ళని ఎలా మారుస్తుందో చూశారు. 1976లో ‘డాక్టర్స్ ఫర్ ది విలేజెస్’ పేరుతో ఆ పుస్తకం వచ్చింది. వైద్యశిక్షణని ఒక్క ఆసుపత్రి గోడల మధ్య కాకుండా చాలాచోట్ల పరిశీలించడం విలువైన పనే. కానీ దాని వెనకున్న ప్రశ్న, డాక్టరు పల్లెలో ఎందుకు ఉండడు అన్నది. పల్లెలో ఎప్పుడూ ఉండే మనిషి ఆ ప్రశ్నలో లేదు.

అదే బృందం పంజాబ్‌లోని నారంగ్వాల్‌లో తరవాత చేసిన పనిలో ఆ మనిషి కనిపించింది. అక్కడ ఊరి స్థాయి వైద్యాన్ని ఏఎన్‌ఎంల చేతుల్లో పెట్టారు. పిల్లలకి న్యుమోనియా వస్తే వాళ్ళే గుర్తించి పెన్సిలిన్ ఇచ్చారు, పిల్లల మరణాలు తగ్గాయి. డాక్టరు పనిలో ఎంత భాగాన్ని ఒక ఏఎన్‌ఎం సమర్థంగా చెయ్యగలదో తేలింది. ఆ పరిశోధనకి ప్రధానంగా అమెరికా ప్రభుత్వ సహాయం అందింది. రెండు దేశాల సంబంధాలు చెడిన రోజుల్లో, 1974లో, ఆ కేంద్రం మూతపడింది. డబ్బు ఎక్కడి నుంచి వస్తోందన్నది ఉత్త ఖర్చుల విషయం కాదు. ఆ స్త్రీలు నేర్చుకున్న పని కొనసాగుతుందా లేదా అన్నది వాళ్ళెప్పుడూ చూడని ఆఫీసుల్లో తేలిపోయింది.

1977లో ప్రభుత్వం ఊరికో ఆరోగ్య కార్యకర్త పథకం మొదలుపెట్టింది. మూడు నెలల శిక్షణ, నెలకి 50 రూపాయల గౌరవ వేతనం. ఎంపికైనవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు! తల్లీబిడ్డల గురించి నేర్పాల్సిన శిక్షణకి, పురిటిగది గడప తొక్కలేని మగవాళ్ళు వచ్చారు. అప్పటికే మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో మేబెల్, రజనీకాంత్ ఆరోలే దంపతులు చదువురాని స్త్రీలకు, వాళ్ళలో చాలామంది దళితులు, వైద్యం నేర్పుతూనే ఉన్నారు. పాతవాళ్ళే కొత్తవాళ్ళకి నేర్పేవాళ్ళు. మన దగ్గర కూడా స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో డిగ్రీ లేకుండా తెలంగాణ సాయుధ పోరాట దళాలకు వైద్యం చేసిన అచ్చమాంబ ఉంది. ఆమె నేర్చుకున్నదాన్ని కొలవడానికి ఏ ఫౌండేషనూ రాలేదు. ఆమె చెప్పుకుంటే విన్న ఆడవాళ్ళు ఉన్నారు కాబట్టి అది మనకు మిగిలింది.

గడ్చిరోలీ కథ దగ్గర కొంచెం ఆగాలి. రాణీ బంగ్, అభయ్ బంగ్ అక్కడ 1986లో ‘సెర్చ్’ సంస్థ పెట్టారు. 1989లో రాణీ బంగ్ బృందం ‘లాన్సెట్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించింది. రెండు గ్రామాల్లో 650 మంది స్త్రీలను పరీక్షిస్తే 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. అంతకుముందు దానికోసం పరీక్ష చేయించుకున్నవాళ్ళు 8 శాతమే. కుటుంబ నియంత్రణ లెక్కల్లో గర్భసంచిగా మాత్రమే కనిపించిన స్త్రీ ఇక్కడ నొప్పి ఉన్న మనిషిగా కనిపించింది.

1999లో అదే పత్రికలో వచ్చిన మరో అధ్యయనం శిక్షణ గురించి. ఫోర్డ్, మెకార్థర్ ఫౌండేషన్ల సహాయంతో 39 గ్రామాల్లో, ఐదు నుంచి పది తరగతుల దాకా చదివిన స్త్రీలకు పసికందుల సంరక్షణ నేర్పారు. 47 గ్రామాలతో పోల్చి చూస్తే, మూడో ఏడుకి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. ఆ స్త్రీలు బిడ్డని తూచారు, ఊపిరి లెక్కపెట్టారు, ఇన్ఫెక్షన్ గుర్తించి జెంటామైసిన్ ఇంజక్షన్ కూడా ఇచ్చారు. పదిహేను రోజులకోసారి డాక్టరు ఊరికి వచ్చి సరిచూసేవాడు. ఇదంతా ఒక్క సంస్థ ప్రత్యేకతా, లేక ఎక్కడైనా చెయ్యొచ్చా అని తేల్చుకోవడానికి తరవాత మహారాష్ట్రలో మరో ఏడు చోట్ల ‘అంకుర్’ పేరుతో చేసి చూశారు. అక్కడా మరణాలు తగ్గాయి.

ఈ జ్ఞానం ప్రభుత్వంలోకి ఎలా వచ్చింది? 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్త వచ్చింది. మొదటి సంవత్సరం ఐదు విడతల్లో 23 రోజుల శిక్షణ అన్నారు. 2011లో ఇంటి దగ్గర పసిబిడ్డల సంరక్షణ ఆమె పనుల్లో చేరింది. ఒక్కో బిడ్డకి ఆరేడుసార్లు ఇంటికి వెళ్తే 250 రూపాయలు. ఇంజక్షన్ ఇచ్చే అధికారం మాత్రం ఆమెకి రాలేదు. గడ్చిరోలీలో ఆమె చెయ్యగలదని రుజువైన పనిలో కష్టం వచ్చింది, అధికారం ఆగిపోయింది.

పైగా ఆమెకి పెట్టిన పేరు ‘వాలంటీర్’. ఉద్యోగి కాదు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఇల్లిల్లూ తిరిగింది ఆమే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పది లక్షల పైచిలుకు ఆశాలకు గౌరవ పురస్కారం ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నెలకి పదివేల గౌరవ వేతనం వచ్చిందంటే అది అంతకుముందు ఏళ్ళతరబడి రోడ్డెక్కిన ఫలితం కూడా. 2025లో కేరళ ఆశాలు తిరువనంతపురంలో సచివాలయం ముందు నెలలతరబడి కూర్చున్నారు. ఇంతకీ గౌరవ వేతనం అన్న మాటలో గౌరవం ఎంత, వేతనం ఎంత?

నూట నలభై ఏళ్ళ ఈ చరిత్రలో ఒక మార్పు స్పష్టంగా ఉంది. 1918లో దాయి సమస్య. 1999కి ఆమె వారసురాలు పరిష్కారం. సమస్యగా ఉన్నప్పుడు ఆమెని తిట్టారు, పరిష్కారం అయ్యాక ఆమెని చవకగా వాడుకున్నారు. తక్కువ ఖర్చుతో ఎక్కువ ప్రాణాలు అని పరిశోధకులు రాసినప్పుడల్లా ఆ తక్కువ ఖర్చు ఎవరి శ్రమలోంచి మిగిలిందో మనం అడగాలి. ఆమె నడిచిన దూరం, పోగొట్టుకున్న కూలి, వదిలివచ్చిన ఇంటి పని కూడా ఖర్చే.

విశ్వవిద్యాలయాల్లో ఉన్న మనలో కొందరం ఇలాంటి పరిశోధనలకు నిధులడిగే ప్రతిపాదనలు రాస్తాం, ఇతరులు రాసినవి చదివి అభిప్రాయం చెప్తాం. మోటారు అద్దెకీ కంప్యూటర్లకీ అందులో పద్దులుంటాయి. నేర్చుకునే స్త్రీ సమయానికి కూడా ఒక పద్దు ఉండాలని పట్టుబట్టడం మన చేతుల్లోని పనే. ఏది నేర్చుకోవాలో, ఏది కొలవాలో ఆమెని ముందే అడగడం కూడా.