రైతు గోడును లండన్‌కు చేర్చిన వర్తకుడు

1832-33, నందన నామ సంవత్సరం. వానల్లేక గుంటూరు సీమ మాడిపోయింది. జిల్లాలోని 5 లక్షల మందిలో మూడో వంతు దాకా ప్రాణాలు పోగొట్టుకున్నారని అంచనా. జనం దాన్ని డొక్కల కరువన్నారు. ఆ దెబ్బకు జమీందారీలూ చితికిపోయాయి. 1840ల్లో వాసిరెడ్డి వారి జమీ సైతం శిస్తు బకాయిల కింద ఈస్టిండియా కుంపిణీ పరమైంది.

గుంటూరు కూడా భాగమైన మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) అంతటా శిస్తు కట్టలేని రైతుకు నరకమే. మిట్టమధ్యాహ్నం ఎండలో వంగోబెట్టి వీపున రాయి పెట్టేవారు. 'చీరట' అనే చెక్క బిగింపులో వేళ్లు నలిపేవారు. కొట్టేదీ రెవెన్యూ సిబ్బందే, ఫిర్యాదు వినాల్సిందీ వాళ్లే.

ఆ గోడు పట్టించుకున్నవాడు మద్రాసులోని తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి. 1806లో పుట్టారు. తండ్రి నుంచి వచ్చిన నీలిమందు, బట్టల వ్యాపారాన్ని పెంచి బాగా గడించారు. ఆ డబ్బుతోనే 1844లో 'క్రెసెంట్' పత్రిక పెట్టారు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించి, రైతుల కష్టాలను బ్రిటిష్ పార్లమెంటుకు విన్నవించారు. మరుసటి ఏడాది డాన్బీ సేమర్ అనే పార్లమెంటు సభ్యుడు మద్రాసు వస్తే, వెంటబెట్టుకుని పల్లెలు తిప్పి అక్కడి పరిస్థితులు కళ్లారా చూపించారు.

1854లో కామన్స్ సభలో ఈ విషయం పెద్ద చర్చయింది. ప్రభుత్వానికి చిత్రహింసల విచారణ సంఘాన్ని వేయక తప్పలేదు. 1,959 ఫిర్యాదులు వచ్చాయి. కొందరు వందల మైళ్లు దాటి వచ్చి చెప్పుకున్నారు. హింస నిజమేనని 1855 నివేదిక ఒప్పుకుంది. ఆ నివేదిక ఆధారంగా కార్ల్ మార్క్స్ 1857లో అమెరికా పత్రిక 'న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్'లో వ్యాసం రాశాడు.

1863లో చెట్టిగారు మద్రాసు శాసనమండలికి నియమితులయ్యారు. రైతుకు ఓటు లేని కాలమది. ఆయనకు రైతు ఓటుతో పనీ లేదు. అయినా ప్రజల పనికే ఆస్తి కరిగించి, 1868లో పేదవాడిగా కన్నుమూశారు.

ఈనాడు గుంటూరు మిర్చి యార్డులో ధర కోసం, పత్తి కొనుగోలు కేంద్రంలో సరైన తూకం కోసం రైతు నిలదీసి అడగగలుగుతున్నాడు. ఆ అడిగే హక్కుకు తొలినాళ్లలో దారి వేసినవారిలో లక్ష్మీనరసు చెట్టి ఒకరు. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఆయనకు ఒక పాఠమైనా ఉండాలి.