బడికుండ

పిడకల దండలు అప్పుడే వేసెయ్యకండర్రా, మంట అందుకోనివ్వండి. ఆ తాటిమొద్దు ఇటు తొయ్యి చంటీ. ఆఁ, అదీ.

నిన్న అమ్మలు అడిగింది, బళ్ళో పెట్టే భోజనానికి డొక్కా సీతమ్మ పేరెందుకు పెట్టారు తాతయ్యా అని. గవర్నమెంటోళ్ళు 2024లో పెట్టార్లే. ఆ పేరు మాకు అఆలు రాకముందే వచ్చు.

ఆవిడ 1841లో మండపేటలో పుట్టింది. లంకల గన్నవరం డొక్కా జోగన్నగారికిచ్చి చేశారు. ఇప్పుడంటే వంతెనలెక్కి బస్సుల్లో తిరిగేస్తున్నారు గానీ, అప్పుడు కోనసీమలో ఎటెళ్ళాలన్నా గోదారి పాయ ఏదో ఒకటి అడ్డం. పడవ తప్పిపోతే రేవులో పడిగాపులే. వరదొచ్చిందా, ఇంక చెప్పక్కర్లేదు. హోటలనే మాటే లేదు. పొద్దుపోయి రేవు దాటినవాడికి గన్నవరంలో ఆవిడిల్లే దిక్కు. ఏ ఝామున తలుపు కొట్టినా పొయ్యి రాజేసేదిట.

ఓసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికని మేనాలో బయల్దేరిందిట. దారిలో పెళ్ళివారి పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. "ఇంకాస్త ఓర్చుకోండర్రా, సీతమ్మగారింటికి వెళ్ళిపోదాం" అని పెద్దవాళ్ళు సముదాయిస్తున్నారు. ఆ మాట చెవినపడి మేనా వెనక్కి తిప్పించేసింది. వాళ్ళొచ్చేసరికి ఆకులు వేసున్నాయిట. మరి స్వామిని ఎప్పుడు చూసిందంటావేంట్రా? ఏమో, మా అమ్మమ్మ అక్కడిదాకా చెప్పి దీపం ఆర్పేసేది. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకానికి పిలుపొస్తే వెళ్ళలేదనీ, ఫొటో కూడా వద్దంటే అధికారి తన ఉద్యోగం పోతుందని బతిమాలి తీయించాడనీ చెప్పుకుంటారు. 1909లో పోయింది. పెట్టీ పెట్టీ పొలాలు కరిగిపోయాయంటారు.

ఆ కరిగిపోయిన పొలాల మాటే మా మేష్టారు పట్టుకున్నారు. అది చెప్తా.

1953 ఆగస్టులో గోదారి వచ్చింది చూడూ, మాకున్న ఎకరంన్నర లంకపొలం అందులో పోయింది. పోవడమంటే పంట పోవడం కాదు, నేలే పోయింది. నీరు తీశాక మా నాన్న గట్టుమీద నిలబడి, మా కొబ్బరిచెట్లు ఎక్కడుండేవో వేలు పెట్టి చూపించేవాడు. అక్కడంతా నీళ్ళే. ఆ అక్టోబరులోనే ఆంధ్ర రాష్ట్రం వచ్చిందని బళ్ళో బిళ్ళలు పంచారు. నాకు బిళ్ళే జ్ఞాపకం, రాష్ట్రం సంగతి పెద్దయ్యాక తెలిసింది. మరుసటేడు నాన్న పోయాడు. అమ్మ మిల్లులో బియ్యం చెరగడానికి వెళ్ళేది. నేను బడి మానేసి గేదెలు కాయడానికి కుదిరాను.

నాతో చదివే పంతులుగారబ్బాయికీ తండ్రి లేడు. కానీ వాడికి వారాలుండేవి. వారాలంటే ఏంటో మీకు తెలీదుగా? ఏడు రోజులకీ ఏడిళ్ళు మాట్లాడుకుని రోజుకో ఇంట్లో తినడం. అలా చదువుకుని ప్లీడర్లూ డాక్టర్లూ అయినవాళ్ళు బోలెడుమంది. అయితే అది బ్రాహ్మల పిల్లలకి. మాలాంటోళ్ళకి వారం చెప్పేదెవడు? అలాగని వాడిదేం పూలపాన్పు కాదులే. మంగళవారం ఇంట్లో మజ్జిగ అడక్కూడదని వాడికి రెండోవారానికే తెలిసిపోయింది. శుక్రవారం ఇంటావిడ మాత్రం "ఏరా, ఆలస్యమైందే" అని, వాడు కాళ్ళు కడుక్కునేలోపే వడ్డించేసేదిట. వాడి వారమంతా శుక్రవారం కోసమే ఎదురుచూడ్డం.

నన్ను వెతుక్కుంటూ మేష్టారు గట్టుమీదకొచ్చారు. తిట్టలేదు. గేదెల్ని లెక్కపెట్టమన్నారు. పదకొండన్నాను. "లెక్క మర్చిపోలేదన్నమాట" అని వెళ్ళిపోయారు. ఆ రాత్రే రావిచెట్టు కింద ఊరిని కూచోబెట్టారు. సీతమ్మగారు ఒక్కిల్లు కరిగిపోయేదాకా పెట్టింది, మనం అంత పెట్టక్కర్లేదు, పొద్దున్నే ఎసట్లో బియ్యం పోసేటప్పుడు బళ్ళో పిల్లల అన్నానికి ఇంటికో గుప్పెడు పక్కకి తియ్యండి చాలన్నారు. మా ఊళ్ళో అప్పుడు 60 గడపలు. ఇంటికో చిన్న కుండ పొయ్యి పక్కన ఉట్టికి కట్టించారు. దానికి బడికుండని పేరు. శనివారం సాయంత్రం ఇద్దరు పిల్లలం గోనెసంచి పట్టుకుని తిరిగేవాళ్ళం. కొన్నిళ్ళలో సోలెడు, కొన్నిళ్ళలో సోలెడున్నర. వాటిల్లోంచే, ఇంట్లో పెద్దదిక్కు మంచానపడ్డ కుటుంబానికి చీకటిపడ్డాక ఓ మూట వెళ్ళేది. ఎవరికి వెళ్ళిందో మేష్టారికీ మోసుకెళ్ళినవాడికీ తప్ప తెలీదు.

గొడవ అవకుండా ఉంటుందా? అయింది. బళ్ళో పిల్లలందర్నీ ఒకే వరసలో కూచోబెడతానన్నారు మేష్టారు. ఏ పేటవాడైనా సరే. వారం తిరక్కుండా 11 గడపలు కుండలు దించేశాయి. మేష్టారు ఆ ఇళ్ళకి వెళ్ళలేదు, బతిమాల్లేదు. వరస మాత్రం మార్చలేదు. నాలుగు కుండలు కొన్నాళ్ళకి మళ్ళీ ఉట్టెక్కాయి. మిగతావి ఎక్కలేదు. ఆ ఇళ్ళవాళ్ళు ఇప్పటికీ అప్పుడు తాతగారు ఊళ్ళో లేరంటారు!

ఆ అన్నం ఎలా ఉండేదో చెప్పనా? 53 ఇళ్ళ బియ్యం ఒకే ఎసట్లో ఉడకాలి. ఒకళ్ళవి పాతబియ్యం, ఒకళ్ళవి నిన్న దంచిన కొత్తవి. అక్కుళ్ళొకటి, పేరు తెలీని ఎర్రబియ్యం ఒకటి. కొత్తవి మెత్తగా పేస్టయిపోయేసరికి పాతవింకా పలుకు. ఒక ముద్దలోనే జావా ఉండేది, రాయీ ఉండేది. అరిటాకు మీద చూస్తే తెలుపూ, గోధుమరంగూ, ఎరుపూ కలిసి చుక్కలచీరలా కనిపించేది. మేం పిల్లలం మెతుకు పట్టుకుని "ఇది కరణంగారిది, ఇది చాకలి మామ్మది" అని పందాలేసుకునేవాళ్ళం. పక్కన కంద బచ్చలి. నెలకోసారి ఎవరో బెల్లం ముక్క పెడితే ఆ రోజు పండగే.

ఆ బియ్యంలో రాళ్ళేరే పని మేష్టారు మా అమ్మకి అప్పజెప్పారు. ఊరికే కాదు, నెలకి ఇంత అని కట్టి. శనివారం రాత్రి బుడ్డిదీపం పెట్టుకుని చేటలో చెరిగేది. నేను పక్కన కూచుని సంచులు విప్పేవాణ్ణి. ప్రతివారం ఒక సంచి అడుగున నూకలుండేవి. శుభ్రమైన నూకలే, కానీ నూకలు. నాకు ఒళ్ళుమండేది. ఊళ్ళో మేడున్న ఆసామి ఒకాయనుండేవాడు. ఆయనే అయ్యుంటాడని తేల్చేసుకున్నాను. పిల్లలకి కదా, కోళ్ళకి కాదుగా వేసింది అని అమ్మతో అంటే, "నోర్ముయ్యరా, అవీ కడుపు నింపుతాయి" అనేది. ఆ ఆసామి ఎదురొస్తే నేను పక్కసందులోకి తిరిగిపోయేవాణ్ణి. ఆయన పోయినప్పుడు కూడా శవం వెనక నడవలేదు.

ఉద్యోగమొచ్చి, మీ నాన్న పుట్టి, 1986 వరదకి కాస్త ముందు, అమ్మ మంచంలో ఉంది. ఏదో మాటల్లో ఆ మేడాసామి పేరొస్తే నేను మళ్ళీ నూకల కథ ఎత్తాను. అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. నిద్రపోయిందనుకున్నా.

"అవి మన కుండవిరా" అంది. "మిల్లులో నాకు కూలికి నూకలే కొలిచేవారు."

ఇప్పుడు వెయ్యండర్రా పిడకలు. మంట బాగా లేచింది.